కండక్టరక్క దించుకున్న బరువు

పోయిన వారం గురజాల బస్సులో ఒక ఇంటర్ పిల్ల ఎక్కింది. పుస్తకాల బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని, భుజాలు వంచి నిలబడింది. ఆడవాళ్ళకి ఉచితమని సున్నా టికెట్టు వచ్చాక మా బస్సుల్లో కాలు పెట్టే చోటు కూడా ఉండటం లేదు. కొత్త కండక్టరు "బ్యాగు తీసి కింద పెట్టమ్మా, ఇంకో మనిషి పట్టిద్ది" అని అరిచాడు. ఆ పిల్ల తీయలేదు, తల ఇంకాస్త దించుకుంది. అతని తప్పేం లేదు, అతనికి తెలియదు. తెలిసిన మనిషి ఒకామె ఈ రూట్లో ఉండేది. అలాంటి పిల్ల ఎక్కితే డ్రైవరు వెనక మూలకి లాగి, "ఇక్కడ నిలబడమ్మే, నిన్నెవరూ తగలరు" అని తాను అడ్డంగా నిలబడేది. ఆమె గుర్తొచ్చి నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఆమె పేరు రాయను. రాస్తే కోప్పడుతుందని కాదు, "పేరొక్కటే వేశారేంది టీచరమ్మా, ఫొటో ఎందుకెయ్యలా" అని ఫోన్ చేస్తుందని. భర్త పని మారి ఒంగోలు వైపు వెళ్తే ఆమె కూడా అటు డిపోకి బదిలీ చేయించుకుంది. మాకందరికీ కండక్టరక్క. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు.

నేను మాచర్లలో ఉంటాను, గురజాలలో సైన్సు చెబుతాను. రోజూ పొద్దున ఆమె బస్సులో వెళ్ళి సాయంత్రం ఆమె బస్సులోనే తిరిగొచ్చేదాన్ని. నా నోరూ తక్కువదేం కాదు కానీ ఆమె ముందు నేను మూగదాన్నే. "లోపలికి జరగండి, మాచర్ల ఎవరితోనూ లేచిపోదు, అక్కడే ఉంటది" అని మొదలుపెట్టేది. చిల్లర లేదని విసుక్కున్న వాడితో "చిల్లర లేకపోతే లేదు, మాటన్నా మంచిది ఇయ్యొచ్చుగా అన్నా" అనేది. ఒకసారి మేకపిల్లని చంకలో పెట్టుకుని ఎక్కిన ముసలాయన్ని "దీనికి హాఫా ఫుల్లా పెద్దాయనా, పళ్ళు చూపించమను" అంది. ఆయన నిజంగానే దాని నోరు తెరిచి చూపించాడు. దాచేపల్లి మలుపు దాకా బస్సంతా నవ్వుతూనే ఉంది.

టికెట్టు మిషను ఆమె మెడలో వేలాడుతూ సరిగ్గా రొమ్ముల మీద ఆనుకుని ఉండేది. ఆమెవి చాలా పెద్దవి. ఈ మాట రాయటానికి నేనెందుకు సిగ్గుపడాలి, ఆమే పడలేదు. ఎవరి చూపన్నా అక్కడ ఆగితే మిషను చేత్తో పైకెత్తి మొహానికి సమానంగా పట్టుకుని, "మిషను ఇక్కడుంది బాబాయ్, ఇటు చూడు. ఎక్కడికి పోవాల?" అనేది. గొంతు పెంచేది కాదు. ఆ బాబాయికి ఎక్కడికి పోవాలో గుర్తుకొచ్చేది కాదు.

నేను ఆమె సీటు వెనకే కూర్చునేదాన్ని కనుక మిగతావాళ్ళు చూడనివి కొన్ని చూశాను. ఒక ఊళ్ళో ఎక్కినవాళ్ళందరికీ టికెట్లు కొట్టటం అయిపోగానే, ఎడమ బొటనవేలు ఖాకీ కోటు కింద బ్రా పట్టీలోకి దూర్చి, బరువుని ఒక్క క్షణం పైకెత్తి పట్టుకునేది. అప్పుడు కళ్ళు మూసుకునేది. మళ్ళీ వేలు తీసేసి "ఎవరమ్మా ఇంకా టికెట్టు తీసుకోందీ" అని బయలుదేరేది. డబ్బుల సంచీని భుజం మీంచి దించి సీటు కమ్మీ మీద ఆనించి, దానితో పాటు తను కూడా ఆనుకుని నిలబడేది. ఎండాకాలం వస్తే ఇంకో తిప్పలు. రెంటచింతల ఎండ సంగతి ఈ దేశంలో అందరికీ తెలుసు, ఆ ఎండలో రొమ్ముల కింద చర్మం ఒరిసి పుళ్ళు పడేవి. మెత్తటి చేతిరుమాళ్ళు మడిచి అక్కడ పెట్టుకునేది. మాచర్ల స్టాండులో బస్సు ఆగినప్పుడల్లా లోపలికెళ్ళి రుమాలు మార్చుకుని వచ్చి, "మీకేం టీచరమ్మా, దేవుడు మిమ్మల్ని తేలిగ్గా పంపాడు" అనేది. నేను చీపురుపుల్లలా ఉంటాను. అప్పటిదాకా నన్నెవరూ అదృష్టవంతురాలు అనలేదు.

నొప్పంతా సంచీ వల్ల అని ఆమె నమ్మకం. మెడకి పట్టీ వేసుకుంది, పిడుగురాళ్ళలో కనపడిన ప్రతి డాక్టరు దగ్గరా సూదులు వేయించుకుంది. చివరికి ఎడమ చేతివేళ్ళు తిమ్మిరెక్కి చిల్లర జారిపోవటం మొదలైంది. డిపోలో ఆమె మీద జాలిపడి స్టాండులో కూర్చునే పని ఇస్తామన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి ఆమె మొహంలో భయం చూశాను.

"కుర్చీలో కూర్చుని మైకులో బస్సుల పేర్లు పిలవటానికా టీచరమ్మా నేను పుట్టింది? నేను బస్సు దిగితే నాలో ఏం మిగులుద్ది?" అంది. ఆమెని ఆ కుర్చీలో నేనూ ఊహించుకోలేకపోయాను.

గుంటూరులో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గరికి పొమ్మని పోరు పెట్టాను. పోయి వచ్చిన మర్నాడు నేను బస్సెక్కేలోపే మెట్ల మీదకి వచ్చి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"టీచరమ్మా, మెడ మంచిదేనంట. సంచీ కూడా కాదంట. వీటి బరువంట. దీనికి ఆపరేషనుందంట, తెలుసా మీకు? ఇన్నాళ్ళూ ఒక్కడు చెప్పలా. కొంత తీసేసి చిన్నవి చేస్తారంట. ఇది సోకు కాదంట, వైద్యమంట."

తెలియదని ఒప్పుకున్నాను. సైన్సు టీచరుని, నాకే తెలియదు. గురజాల దాకా ఇద్దరం చిన్నపిల్లల్లా గుసగుసలాడుకున్నాం. ఆ రోజు టికెట్టు లేకుండా దిగినవాళ్ళు కనీసం ముగ్గురుంటారు.

ఆపరేషన్ చేసే డాక్టరమ్మ దగ్గరికి నన్ను తోడు రమ్మంది. భర్త నాపరాయి లారీ మీద ఎప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటాడో అతనికే తెలియదు. మంచివాడు. "నీ ఒళ్ళు, నీ నొప్పి, చేయించుకో. మా అమ్మకి మాత్రం చెప్పమాక" అన్నాడు. వాళ్ళమ్మ, అంటే అక్క అత్తగారు, నోటికి రెంటచింతలలో పెట్టింది పేరు. కోడలి ఉద్యోగాన్నే ఆవిడ నాలుగేళ్ళు తిట్టింది. అందుకని భార్యాభర్తలిద్దరూ ఆలోచించి, చిన్న గడ్డ ఉంది, తీసేస్తారు అని చెబుదామనుకున్నారు.

డాక్టరమ్మ అన్నీ వరసగా చెప్పింది. మచ్చలుంటాయి, చనుమొన చుట్టూ, అక్కణ్ణించి కిందికి, కింద మడతలో. ఏడాదికి పలచబడతాయి కానీ పూర్తిగా పోవు. చనుమొన దగ్గర స్పర్శ తగ్గొచ్చు, కొందరికి తిరిగి రాకపోవచ్చు. ముందు రక్తం పెంచుకోవాలి, రొమ్ముల ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆపరేషన్ తర్వాత నెలన్నర బరువులెత్తకూడదు, చేతులు తలపైకి లేపకూడదు, వెల్లకిలా పడుకోవాలి. ఇంకా పిల్లల్ని కని పాలివ్వాలనుకుంటే ఆలోచించుకోమంది.

"నా పిల్లలిద్దరూ ఇప్పుడు బిర్యానీ అడుగుతున్నారు డాక్టరమ్మా, పాలెవరిక్కావాలి" అంది అక్క. తర్వాత నవ్వు ఆపేసి ఒక్కటే అడిగింది. "మళ్ళా సంచీ తగిలించుకుని బస్సులో నిలబడతానా?"

"అందుకే చేస్తున్నాం" అంది డాక్టరమ్మ.

ఆపరేషన్ రోజు పొద్దున ఆమెని నిలబెట్టి మార్కరు పెన్నుతో గీతలు గీశారు. పడుకోబెట్టి గీస్తే లెక్క తప్పుతుందట. లోపలికి తీసుకెళ్ళే ముందు నన్ను పిలిచి చూపించింది. "చూశారా, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇళ్ళ మీద ఇట్టాగే గీస్తారు. నాది మాత్రం తగ్గించే రోడ్డు" అంది. నేను నవ్వుతూనే ఏడ్చాను. నాకు భయమేసింది, దాచటమెందుకు.

మత్తు దిగి కళ్ళు తెరవగానే రెండు పక్కలా సన్నటి గొట్టాలకి వేలాడుతున్న చిన్న సీసాలు చూసింది. లోపలి నీరు, రక్తం దిగటానికి పెట్టినవి, ఒకట్రెండు రోజుల్లో తీసేస్తారు. "ఇక్కడ కూడా నాకు సంచీ తగిలించారా" అంది. నొప్పి ఉంది. కాదనలేదు. మంట, బిగువు, వాపు, కదిలితే కుట్లు లాగటం. మర్నాడు నర్సూ నేనూ పట్టుకుని నిలబెడితే వెనక్కి తూలింది. ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం. కాసేపు అలాగే నిలబడి, నెమ్మదిగా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"టీచరమ్మా, ఇన్నేళ్ళూ నా మీద ఎవరో పడుకున్నట్టుండేది. లేచి పోయారు" అంది. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇక్కడిదాకా అంతా బాగానే నడిచింది. తీసినదాన్ని ల్యాబుకి పంపటం మామూలే, ప్రతి మనిషికీ పంపుతారు. భర్త ఎక్కడో దారిలో లారీ ఆపి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, బాగానే ఉంది, ముక్క పరీక్షకి పంపారంట అని చెప్పాడు. గడ్డ ఉంది, ముక్క పరీక్షకి పంపారు. మా పల్నాడులో ఈ రెండు మాటలూ ఒక చోట చేరితే మూడో మాట ఎవరూ చెప్పక్కర్లేదు. సాయంత్రానికల్లా అక్కకి క్యాన్సరని రెంటచింతలంతా తెలిసిపోయింది.

ఆదివారం నేను చూడబోయేసరికి వాళ్ళ వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు కొట్టు పెట్టేటన్ని. మంచం చుట్టూ ఇరుగుపొరుగు క్యాథలిక్ ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని జపమాల చెబుతున్నారు. మధ్యలో అక్క దిండ్లకి ఆనుకుని, దొరికిపోయిన దొంగ మొహంతో ఉంది. పక్కన పళ్ళెంలో చారూ అన్నం. పప్పు తింటే చీము పడుతుందని అత్తగారి కట్టడి. డాక్టరమ్మ పప్పూ గుడ్లూ బాగా తినమంటే ఇంట్లో చారు నీళ్ళు పోస్తున్నారు.

"అత్తెక్కడ?" అన్నాను.

"కోటప్పకొండకి పోయింది. మొక్కుందంట" అంది అక్క.

అంటుండగానే ఆటో ఆగింది. అత్తగారు దిగింది. మనిషి ఎప్పుడూ గంభీరంగా, కొంచెం వంగి, చేతులు నడుముకి ఆనించుకుని నడిచేది. ఆ రోజు తల మీద కొంగు జారిపోయింది. గుండు. దాని మీద గంధం. ఆ పెద్ద ముడి, ఊళ్ళో అందరూ చెప్పుకునే ముడి, లేదు. నేరుగా లోపలికొచ్చి ప్రసాదం కోడలి నోట్లో పెట్టి, "కోటయ్యకిచ్చేశానే. నీకేం కాదు. ఆయన ఊరికే తీసుకోడు" అంది.

అక్క ప్రసాదం మింగలేకపోయింది. నా వైపు చూసింది. నేనేం చెయ్యను, కళ్ళు దించుకున్నాను.

"అత్తా, కూర్చో. నాకు క్యాన్సర్ లేదు. అసలు గడ్డే లేదు. ఇవి బరువై మెడా భుజాలూ చచ్చుబడతంటే కోయించి చిన్నవి చేయించుకున్నా. నువ్వు తిడతావని గడ్డ అని చెప్పించా."

జపమాల ఆగిపోయింది. మంచం పక్కనున్న పొరుగింటావిడ మెల్లగా "మరి ముక్క పరీక్షో?" అంది.

"తీసిందాన్ని చూడకుండా పారేయరంటక్కా. అందరికీ చేస్తారు. ఏం లేదని నిన్నే చెప్పారు."

అత్తగారి మొహం నల్లబడింది. "దేవుడిచ్చిందాన్ని కోయించుకోవటమేందే? బుద్ధుందా?"

అక్క నోరు అలవాటుగా లేచింది. "దేవుడిచ్చిన జుట్టు నువ్వు తీయించుకోలా?"

ముసలావిడ గుండు తడుముకుంది.

"అది నీ కోసమేగా" అంది.

ఎంతటి మగవాడికైనా మాటకి మాట చెప్పే మనిషి, ఆ ఒక్క మాటకి కూలిపోయింది. ఏడుస్తుంటే కుట్లు లాగుతున్నాయి, ఎదురుగా దిండు అదుముకుని ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు. "నొప్పి పోయిందా?" అంది.

"కుట్ల నొప్పి ఉంది. పాతది పోయింది."

"భుజాల్లో?"

"పోయిందత్తా."

"నిజం చెప్పు."

"నిజంగా. వేళ్ళ తిమ్మిరి కూడా తగ్గతంది."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు చప్పుడయ్యాయి. మంచం చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదలెట్టిన జపమాల మధ్యలో ఆపకూడదు, ఇప్పుడు స్తోత్రంగా ముగిద్దాం అని ఒకావిడ అంటే సరేనన్నారు. ఆమేన్ అనీ అనగానే పొరుగింటావిడ మాల ఇంకా వేళ్ళ మధ్య ఉండగానే ముందుకి వంగి, "కుట్లు తీసేటప్పుడు నొప్పంటదా?" అంది. అవి కరిగిపోయే కుట్లని అక్క చెప్పింది. ఇక ఆగలేదు. పడుకునేది ఎట్టా, స్నానం ఎట్టా, జాకెట్లన్నీ మళ్ళా కుట్టించుకోవాలా, ఎండాకాలం పుళ్ళు రావా. ఓదార్చటానికి వచ్చినవాళ్ళు పొద్దు తిరిగేదాకా కదల్లేదు. ఒకావిడ తలుపు మూయించి మచ్చలు చూపించమంది. బిగుతు బ్రా ఇప్పుడే విప్పకూడదని అక్క ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం అత్తగారు పళ్ళెం తెచ్చి మంచం మీద పెట్టింది. ముద్దపప్పు, పైన నెయ్యి, పక్కన ఉడకబెట్టిన గుడ్డు. అక్క మొత్తం తినేసింది. నాకు మటుకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

కుట్లు పడ్డ చోట కింద మడతలో కొంచెం విచ్చుకుని మానటానికి ఆలస్యమైంది. ఎడమ చనుమొన దగ్గర స్పర్శ సగమే వచ్చింది. ఇవి కూడా అక్క అందరికీ చెప్పేది, మంచి ఒక్కటే చెప్పి పంపేది కాదు.

రెండు నెలలు దాటాక డ్యూటీలో చేరింది. ఆ పొద్దున మాచర్ల స్టాండులో బస్సు దగ్గరికి పరిగెత్తాను. అక్క సంచీ తగిలించుకుని నిటారుగా నిలబడి ఉంది. ఆమె నాకన్నా పొడుగని అప్పుడే తెలిసింది. ముందు సీట్లో అత్తగారు. కోడలికి జనం తగులుతారేమోనని కాపలా వచ్చిందట. తెల్లటి పొట్టి జుట్టు మీద కొంగు కప్పుకుని, ఎక్కినవాళ్ళందరితో "దూరంగా జరగండి, మా కోడలు రొమ్ములకి ఆపరేషన్ చేయించుకుంది. క్యాన్సరూ లేదు, మట్టీ లేదు. బరువు తీయించుకుంది" అని చెబుతోంది. డ్రైవరు సిగ్గుపడి హారన్ కొట్టాడు. అక్క మిషను పైకెత్తి, నవ్వు బిగబట్టుకుని, "టికెట్ టికెట్" అంది. చెయ్యి చాచి పై కమ్మీ పట్టుకుంది. వేళ్ళు గట్టిగా బిగిశాయి.

సాయంత్రం నేను ఎక్కేసరికి కూడా ముసలావిడ అదే సీట్లో ఉంది. రోజంతా తిరిగిందట. మాచర్లలో జనమంతా దిగారు. డ్రైవరు ఇంజను ఆపాడు. నేను అక్క కోసం ఆగాను.

"దిగత్తా, బండి డిపోకి పోవాల" అంది అక్క.

ఆవిడ లేవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఒకటడుగుతా, నవ్వమాక" అంది. జీవితంలో ఎవరినీ అనుమతి అడగని మనిషి. జాకెట్టు మెడ దగ్గర కొంగు కొంచెం పక్కకి తీసింది. రెండు భుజాల మీదా గాడి పడి ఉంది, నల్లగా, వేలు పట్టేంత.

"నాకు చేస్తారంటావా, ఈ వయసులో? పెళ్ళికాక ముందు నుంచీ ఉంది నాకు. మా అమ్మకి చెప్పలా, మీ మావకీ చెప్పలా. ఆడదాని ఒళ్ళంటే అంతే అనుకున్నా."

అక్క సంచీ, మిషను తీసి సీటు మీద పడేసి, ఆవిడ పక్కన కూర్చుని, ఆ గాడి మీద బొటనవేలు పెట్టి నిమిరింది. చాలాసేపు నిమిరింది. తర్వాత "చేసేదీ లేందీ డాక్టరమ్మ చూసి చెప్పిద్దత్తా. గుండె చూస్తారు, షుగర్ చూస్తారు. ఎల్లుండి నాకు సెలవు. పొద్దున్నే గుంటూరు పోదాం" అంది.

"ఎల్లుండా?" అంది ముసలావిడ కొంగు సర్దుకుంటూ. "యాభై ఏళ్ళు మోశానే నేను. ఇప్పుడే ఫోన్ చెయ్యి ఆ డాక్టరమ్మకి."